రెండు పాస్‌పోర్టుల మధ్య తల్లి

(సైనిక్‌పురిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కాలనీ రిటైరైన సైనికోద్యోగులు కట్టుకున్నది. ఇప్పుడు ఇక్కడ చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళే మిగిలారు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. “మా మనవడికి రెండు పౌరసత్వాలు” అని ముచ్చటగా చెప్పుకునే అమ్మమ్మలు ఈ హాల్లోనూ ఉన్నారు. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, తనంతట తాను మరో దేశ పౌరసత్వం తీసుకున్న మనిషికి భారత పౌరసత్వం ఆ రోజుతో పోతుంది. ఆ తర్వాత పాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే నేరం. దాన్ని అప్పగించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మరి ఓసీఐ కార్డు సంగతి? 2006 జనవరిలో మన హైదరాబాదులోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించారు. పేరులో పౌరుడన్న మాట ఉంది గానీ, ఆచరణలో అది జీవితకాలపు వీసా. దానితో ఓటు రాదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ప్రయాణంలో విదేశీ పాస్‌పోర్టూ ఆ కార్డూ రెండూ దగ్గరుండాలి.

పౌరసత్వానికీ ఆడదానికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళకు ఒక్క తేదీ చెబుతాను. 1992 డిసెంబర్ 10. అంతకు ముందు విదేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్యంగా భారత పౌరసత్వం రావాలంటే తండ్రి భారతీయుడై ఉండాలి. తల్లి భారతీయురాలైతే చాలదు. నవమాసాలు మోసిన తల్లి పౌరసత్వం బిడ్డకు చెందదని మన చట్టం దాదాపు ముప్పై ఏడేళ్ళపాటు చెప్పింది.

చట్టం మారింది, కానీ ఇంట్లో బీరువా తాళం మారలేదు. మన దగ్గరికి వచ్చే కేసుల్లో సాధారణంగా కనిపించే కుటుంబాన్ని తీసుకోండి. భర్తకు ఉద్యోగ వీసా, భార్యకు అతని మీద ఆధారపడిన వీసా. బిడ్డ అక్కడే పుట్టింది కనుక అమెరికా పౌరురాలు. తల్లిది ఒక దేశం పాస్‌పోర్టు, ఒళ్ళో బిడ్డది మరో దేశానిది. “పండక్కి వెళ్ళొద్దాం” అని ఇండియా తీసుకొస్తాడు. కొన్నాళ్ళకు అతనొక్కడే తిరిగి వెళ్తాడు. చూస్తే పాస్‌పోర్టులు రెండూ ఉండవు. అక్కడ విడాకుల కేసు నడుస్తూంటుంది, ఇక్కడ ఈమెకు విమానం ఎక్కే దారి ఉండదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి. 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. మీ పేరున ఇచ్చింది మీ చేతిలో ఉండాలి. పోలీసులు సైతం పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోగలరే గానీ తమ దగ్గర అట్టిపెట్టుకోలేరని, ఆ అధికారం పాస్‌పోర్టు అధికారులదేనని సుప్రీంకోర్టు 2008లో సురేష్ నందా కేసులో తీర్పు ఇచ్చింది. పోలీసులకు లేని అధికారం అత్తగారికెక్కడిది? దాచిపెడితే ఫిర్యాదు రాసివ్వండి, రసీదు తీసుకోండి. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై విభాగం పనిచేస్తోంది. ఫిర్యాదు ప్రతి ఒకటి అక్కడికీ పంపండి. పరాయి దేశంలో ఉండగా పోతే, మన కాన్సులేట్ ఇంటికి చేరేందుకు అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తుంది. అది వెనక్కి రావడానికే పనికొస్తుంది.

తల్లి పాస్‌పోర్టు కన్నా బిడ్డది కష్టం. పదహారేళ్ళ లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్ళే చెల్లుతుంది. మళ్ళీ తీసుకోవాలంటే తల్లిదండ్రులిద్దరూ హాజరు కావాలి, లేదా రానివాళ్ళ సమ్మతిపత్రం నోటరీతో కావాలి. ఆ కాన్సులేట్ 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. సైనిక్‌పురి నుంచి ఊరి అటు చివరికి వెళ్ళి, భర్త సంతకం లేదని తిరిగి రావాల్సి ఉంటుంది. లేదంటే బిడ్డ సంరక్షణ పూర్తిగా తల్లికే ఇస్తూ కోర్టు ఉత్తర్వు చూపాలి, లేదా ప్రత్యేక పరిస్థితులు వివరిస్తూ రాసివ్వాలి. బిడ్డ వీసా మీద వచ్చి ఉంటే గడువు దాటకముందే విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్ళాలి. ఓసీఐ ఉంటే ఈ తిప్పలు ఉండవు. కానీ దానికీ తల్లిదండ్రులిద్దరి సంతకాలు కావాలి. అందుకే సంసారం సజావుగా ఉన్నప్పుడే చేయించి పెట్టుకోమంటున్నాను. ఇలా చెప్పడం అపశకునమని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

కోర్టుల్లోనూ ఈ పాస్‌పోర్టు మాట్లాడుతుంది. 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు, విదేశీ కోర్టు ఉత్తర్వు పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ సంక్షేమమే ముఖ్యం అని చెప్పి, బ్రిటిష్ పౌరసత్వం ఉన్న పాపను తల్లి దగ్గరే ఉండనిచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2019 మార్చిలో, అమెరికా నుంచి హైదరాబాదు వచ్చిన ఒక తల్లి విషయంలో పిల్లలతో తిరిగి వెళ్ళాలనే తీర్పు వచ్చింది. ఆ పిల్లలిద్దరూ పుట్టుకతో అమెరికా పౌరులన్న విషయాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. 2017 తీర్పు ఒక్కటే చూసి “పిల్లల్ని తీసుకొచ్చేయ్, ఇక్కడి కోర్టు నీ పక్షమే” అని ధైర్యం చెప్పి పంపకండి. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. చేరాలా వద్దా అన్నదానిపై మనలోనే ఏకాభిప్రాయం లేదు. హింస నుంచి పారిపోయి వచ్చిన తల్లిని ఆ ఒప్పందం అపహరణ చేసినదానిగా చూస్తుందన్న భయం నిజమైనదే.

ఇంకొక్క మాట. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో భార్యాభర్తల పాస్‌పోర్టులను ఒకదానితో ఒకటి అనుసంధానించాలని, పెళ్ళి రిజిస్ట్రేషన్ నంబరు వాటిలో వేయాలని సిఫారసు చేసింది. పెళ్ళి దాచి మళ్ళీ పెళ్ళి చేసుకునే మగవాణ్ణి అది పట్టిస్తుందేమో. విడిపోవాలనుకున్న స్త్రీ పాస్‌పోర్టు మీద భర్త నంబరు ఎన్నాళ్ళుంటుంది, దాన్ని తీయించడానికి మళ్ళీ అతని సంతకమే అడుగుతారా? మీ సంస్థల్లో చర్చించి అభిప్రాయం రాసి పంపండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. అమ్మమ్మలు ముందు.