'ఏడు తరాలు' - పుస్తకం, టీవీ, పాట

(బోథ్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యం మీద నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. కావ్యాల మీద, కవిత్వం మీద మాట్లాడే అర్హత నాకు లేదు. నేను చదివినవన్నీ వారపత్రికల సీరియళ్లు, అద్దెకు తెచ్చుకున్న నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, యద్దనపూడి 'సెక్రటరీ', యండమూరి 'తులసిదళం' - ఇదీ నా చదువు. ఇందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు. సాయంత్రం దఫ్తరు కట్టేసి ఇంటికొచ్చిన మనిషి చేత లాంతరు వెలుగులో వంద పేజీలు చదివించగలిగినవాడు సామాన్యుడు కాడు. కాబట్టి ఒక మామూలు పాఠకుడిగా, ఒకే ఒక పుస్తకం గురించి, దాన్నుంచి తీసిన టీవీ నాటకం గురించి, దాని వెనకున్న నల్లవారి సంగీతం గురించి నా అభిప్రాయాలు మనవి చేస్తాను. ఆ పుస్తకం అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'. మనకు అది 'ఏడు తరాలు'.

ముందుగా ఒక విషయం. ఈ అలెక్స్ హేలీ మన వర్గం వాడే. 1939లో అమెరికా కోస్టు గార్డులో, అంటే సముద్రతీర రక్షక దళంలో, వంటశాల దగ్గర వడ్డించే కింది ఉద్యోగంలో చేరాడు. నల్లవారికి అప్పట్లో అంతకు మించిన పని ఇచ్చేవారు కాదు. ఓడ మీద పొద్దుపోక తోటి నావికులకు ప్రేమలేఖలు రాసిపెట్టేవాడట. అలా చేయి తిరిగి, దళంలోనే పాత్రికేయుడి హోదా సంపాదించి, 20 ఏళ్ల సర్వీసు పూర్తి చేసుకుని 1959లో రిటైరయ్యాడు. మాల్కం ఎక్స్ ఆత్మకథకు సహరచయితగా పనిచేసింది, 'రూట్స్' రాసింది అంతా రిటైరైన తర్వాతే. రిటైరైతే ఇక ఏముంది అని అరుగు మీద కూర్చునే మిత్రులు ఈ ముక్క గమనించాలి.

'రూట్స్' 1976లో వచ్చింది. ఆంగ్లంలో ఆరువందల పేజీలకు పైబడిన గ్రంథం. దాన్ని సహవాసి గారు కుదించి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు తమ తొలినాళ్లలోనే ప్రచురించారు. సహవాసి అన్నది జంపాల ఉమామహేశ్వరరావు గారి కలంపేరు. కుదించిన అనువాదం అంటే పండితులు ముఖం చిట్లిస్తారు గాని, నా మట్టుకు నాకు ఆ కుదింపే ఈ పుస్తకాన్ని మన దగ్గరికి చేర్చింది అనిపిస్తుంది. ఆరువందల పేజీల పుస్తకం ధర పెట్టి ఆ రోజుల్లో ఏ గుమాస్తా కొనేవాడు? పైగా ఆ తెలుగు ఎక్కడా అనువాదంలా కాళ్లకు అడ్డం పడదు.

కథ మీలో చాలామందికి తెలిసిందే. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే పల్లె. అక్కడ పుట్టిన కుంటా కింటే అనే యువకుడు డోలు చేసుకోవడానికి చెక్క కోసం అడవికి వెళ్లి, మనుషుల్ని పట్టే ముఠాకు చిక్కుతాడు. 1767లో లార్డ్ లిగోనియర్ అనే ఓడలో అమెరికా చేరతాడు. అక్కడ అతని పేరు మార్చి టోబీ అంటారు. పారిపోబోతే పాదం నరికేస్తారు. అతని కూతురు కిజీ, ఆమె కొడుకు కోడిపందేల జార్జి, అలా తరతరాలుగా దిగి చివరికి అలెక్స్ హేలీ దాకా వస్తుంది. టెన్నెసీ రాష్ట్రంలో హెన్నింగ్ అనే ఊళ్లో ఇంటి ముందు వసారాలో అమ్మమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు ముచ్చట్లాడుకుంటుంటే చిన్నప్పుడు హేలీ ఈ కథలు విన్నాడట. తరాలు మారినా ఆ ఇంట్లో రెండు మూడు వింత మాటలు మిగిలాయి. అందులో ఒకటి 'కో'. గిటారును చూపించి ఆ ముత్తాత 'కో' అనేవాడట. పశ్చిమ ఆఫ్రికాలో పాటగాళ్లు వాయించే 21 తీగల వాద్యం 'కోరా'. ఆ వాద్యం పేరే అలా మిగిలి ఉంటుందని హేలీ ఊహ. మనిషి నుంచి ఊరు పోయింది, మతం పోయింది, పేరు పోయింది, ఒక వాద్యం పేరు మాత్రం మిగిలింది. ఈ పుస్తకంలో నన్ను పట్టుకున్నది ఇదే.

ఇక టీవీ నాటకం. 1977 జనవరిలో ఏబీసీ అనే సంస్థ వరుసగా 8 రాత్రులు ప్రసారం చేసింది. ఆఖరి రాత్రి దాదాపు 10 కోట్ల మంది చూశారని లెక్క. నేను దీన్ని చాలా ఆలస్యంగా చూశాను. మా మనవడు పెన్ డ్రైవులో ఎక్కించి తెచ్చిపెట్టాడు. ఎనిమిది రాత్రుల్లో ఏడు తరాలు! మన ఇళ్లలో నడిచే సీరియళ్లలో ఎనిమిది రాత్రులకు కోడలు వంటింట్లోంచి హాల్లోకి రాదు. సోదరీమణులు కోప్పడకూడదు, నేనూ పక్కన కూర్చుని చూస్తాను కనకనే చెబుతున్నాను. మన దూరదర్శన్‌లోనూ మంచివి రాకపోలేదు. 1988లో గోవింద్ నిహలానీ తీసిన 'తమస్' ఉంది. భీష్మ సహానీ నవలను కొద్ది భాగాల్లోనే చెప్పి ముగించారు. దేశవిభజన గాయాన్ని అంత నిబ్బరంగా చూపించినది మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

'రూట్స్' నాటకంలో నాకు నచ్చనిదీ ఉంది. ఓడ కెప్టెను పాత్రకు లేని అంతరాత్మ బాధ ఒకటి తగిలించారు. ఎడ్ ఆస్నర్ అనే పేరున్న నటుడు దాన్ని బాగానే పోషించాడు గాని, పుస్తకంలో ఇది లేదు. తెల్లవారైన ప్రేక్షకులు టీవీ కట్టేస్తారేమోనన్న భయంతో పెట్టిన నైవేద్యం అది. నచ్చినవి మాత్రం ఎక్కువ. కొరడాతో కొడుతూ "నీ పేరు చెప్పు" అని అడిగే సన్నివేశం ఉంది. లెవార్ బర్టన్ అనే కుర్రవాడు కుంటా వేషం వేశాడు. తన పేరు కుంటా అనే చెబుతాడు, మళ్లీ కొడతారు, ఒళ్లు చచ్చి చివరికి టోబీ అంటాడు. పుస్తకంలో ఈ ఘట్టం ఈ రూపంలో లేదు. టీవీ వారు కల్పించారు, కాని కథ ప్రాణాన్ని పట్టుకుని కల్పించారు. ఆ పక్కన ఫిడ్లర్ పాత్ర - తెల్లదొరల విందుల్లో ఫిడేలు వాయించే ముసలి బానిస. లూయీ గాసెట్ ఆ వేషం వేశాడు. ఆయన 2024లో కాలం చేశాడు. పుస్తకంలో ఈ ఫిడ్లర్ ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి స్వేచ్ఛ కొనుక్కుందామని వెళితే, దొర ధర పెంచేస్తాడు. ఎంత మంచి వాద్యగాడివైతే అంత ఖరీదు పెరుగుతుందన్నమాట.

సంగీతం మాట వచ్చింది గనక చెబుతాను. 1739లో సౌత్ కరొలినాలోని స్టోనో దగ్గర బానిసలు డోళ్లు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం చట్టం చేసి బానిసలు డోళ్లు, కొమ్ములు వాయించడం నిషేధించింది. చేతిలో డోలు లేకపోతే ఏం చేస్తారు? చప్పట్లు కొట్టారు, కాళ్లతో నేలను దరువు వేశారు, గొంతునే వాద్యం చేసుకున్నారు. ఆ గొంతుల్లోంచి వచ్చినవే స్పిరిచువల్స్ అనే భక్తిపాటలు. పైకి జోర్డాన్ నది, దేవుడి రాజ్యం. లోపల మాత్రం పారిపోయి దాటవలసిన నది వేరే. మన వీరబ్రహ్మంగారి తత్వాల్లో పైకి ఒక అర్థం, లోపల ఒక అర్థం ఉన్నట్టు. జాజ్ సంగీతం నాకు ఎక్కలేదు. రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా స్టేషను పెట్టి చాలా ప్రయత్నం చేశాను, నా చెవికి అది పట్టుబడలేదు. కాని మహాలియా జాక్సన్ పాట వింటే భాష అర్థం కాకున్నా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అందరికన్నా నా అభిమాన గాయకుడు పాల్ రోబ్సన్. ఆయన తండ్రి పుట్టుకతో బానిస, పదిహేనేళ్ల వయసులో పారిపోయి పాదిరీ అయ్యాడు. కొడుకు మిసిసిపీ నది మీద పాడిన పాట లోకమంతా మోగింది. మొదట అందులో నిస్పృహ మాటలుండేవి. రోబ్సన్ కచేరీల్లో పాడుతూ పాడుతూ వాటిని పోరాటపు మాటలుగా మార్చేశాడు. భూపేన్ హజారికా న్యూయార్కులో చదువుకునేటప్పుడు రోబ్సన్‌ను కలిసి, ఆ స్ఫూర్తితోనే బ్రహ్మపుత్ర మీద అస్సామీలో పాట కట్టాడు. హిందీలో గంగ మీద మనం విన్నది అదే. 1950లో అమెరికా ప్రభుత్వం రోబ్సన్ పాస్‌పోర్టు లాగేసుకుంది. 1957లో వేల్స్ దేశపు బొగ్గుగని కార్మికులు తమ ఉత్సవానికి రమ్మంటే, కదలడానికి వీల్లేక సముద్రం అడుగు నుంచి వేసిన టెలిఫోను తీగ మీద న్యూయార్కు నుంచే పాడి వినిపించాడు. బెల్లంపల్లి, మందమర్రి వైపు మన మిత్రులు చాలామంది పనిచేశారు. గని నుంచి పైకి వచ్చిన మనిషికి పాట ఏమిటో వారికి నేను చెప్పనక్కర్లేదు. 1958లో ఆయన 60వ పుట్టినరోజు మన దేశంలో జరుపుకోవడానికి నెహ్రూ గారు మద్దతు తెలిపారు. పాస్‌పోర్టు ఆ సంవత్సరమే తిరిగి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. 'రూట్స్'ను హేలీ కల్పన అనలేదు, తన వంశ చరిత్ర అన్నాడు. 1967లో జుఫూరేకు వెళితే అక్కడ వంశాల చరిత్ర చెప్పే ముసలాయన కింటే వంశం గురించి ఏకరువు పెట్టి, చెక్క కోసం వెళ్లి మాయమైన కుంటా పేరు తానుగా చెప్పాడని రాశాడు. 1977లోనే లండన్ సండే టైమ్స్ విలేఖరి వెళ్లి విచారించి, హేలీకి ఏం కావాలో ఆ ఊరివారికి ముందే తెలుసునని రాశాడు. తరవాత వంశవృక్ష నిపుణులు వర్జీనియా దస్త్రాలు తిరగేసి, ఆ ఓడ రాకముందే టోబీ పేరు యజమాని కాగితాల్లో ఉందని తేల్చారు. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత తన నవల నుంచి భాగాలు తీసుకున్నాడని దావా వేస్తే, 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డాడు.

దీని మీద అభిమానులు రెండు వర్గాలయ్యారు. ఒకరు ఇదంతా తెల్లవారి కుట్ర అంటారు. ఒకరు పుస్తకమే పారేయమంటారు. ఫౌతీ, విరాసత్ ఫైళ్లు రాసినవాడిగా నాకు రెండూ ఒప్పుదల కావు. దస్త్రం హేలీకి వ్యతిరేకంగా ఉంది, అది ఒప్పుకోవాలి. సాక్షికి జవాబు ముందే అందించి ప్రశ్న అడిగితే అది వాంగ్మూలం కాదు. కూర్లాండర్ విషయంలో ఇచ్చిన డబ్బు ఇవ్వవలసిన డబ్బే. 'రూట్స్'ను నవల అని వేసుంటే ఏ గొడవా లేకపోయేది, విలువా తగ్గేది కాదు.

కాని దస్త్రం సంగతీ చూడాలి. 1850, 1860 జనాభా లెక్కల్లో అమెరికావారు బానిసలకు వేరే రిజిస్టరు పెట్టారు. అందులో యజమాని పేరు ఉంటుంది. బానిసకు వయసు, ఆడా మగా, రంగు లాంటి గళ్లు ఉంటాయి. పేరు రాసే గడే లేదు. దక్షిణాది నల్లవారిలో అత్యధికులు జనాభా లెక్కల్లో పేరుతో కనిపించేది 1870లోనే. పేరు గడి లేని రిజిస్టరు తయారుచేసి, నీ పేరు రిజిస్టరులో లేదు పో అనడం ఏం న్యాయం? మన పహాణీల్లో గడి ఉంది. అయినా ఏమైంది? కొమురం భీం అని ఒకచోట, కుమ్రం భీం అని ఒకచోట, కుమురం భీం అని ఒకచోట. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరే ఇన్ని రకాలుగా రాస్తే, గూడెంలో రెండెకరాల రైతు పేరు పట్వారీ కలం కింద ఎన్ని వంకరలు తిరిగి ఉంటుందో మీకు తెలుసు.

బోథ్ తాలూకాగా ఉన్న రోజుల్లో ఒక విరాసత్ విచారణ నాకు బాగా గుర్తు. తండ్రి పేరు రెండు పహాణీల్లో రెండు విధాలుగా ఉంది, ఇద్దరు మనుషులా ఒకరేనా తేలాలి. గ్రామపెద్దలు తలో మాట చెబుతున్నారు. అంతలో ఆ ఇంటి ప్రధాన్ వచ్చాడు, చేతిలో కిక్రి. గోండులకు ప్రధానులు తరతరాల పాటగాళ్లు, ఏ వంశానికి ఆ వంశపు ప్రధాన్ ఉంటాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆ మనిషి, మూడు తీగల కిక్రి మీద కమాను ఆడిస్తూ గోండీలో ఆ ఇంటివారి పేర్లు తాత నుంచి కిందికి చెప్పుకొచ్చాడు. మధ్యలో ఆపి అడిగితే చెప్పలేడు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. ఒకే మనిషని తేలింది. ఫైలులో 'గ్రామపెద్దల వాంగ్మూలం' అని రాశాం. 'కిక్రి మీద పాడగా విని' అని రాసే నమూనా మనకు లేదు మరి.

హేలీ ఆఫ్రికా దాకా వెతుక్కుంటూ పోయింది ఇలాంటి మనిషి కోసమే. మనకు ఆ ప్రయాణం అక్కర్లేదు, ఇచ్చోడ దాటి కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళితే చాలు. హైమన్‌డార్ఫ్ గారు 1940లలో మన జిల్లా గూడేలు తిరిగి, 1948లో రాజ్‌గోండుల మీద పెద్ద గ్రంథమే వేశారు. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండీ కార్యక్రమాలు ప్రసారం చేసింది. గుస్సాడీ నృత్యానికి మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయనా 2024లో వెళ్లిపోయారు. నృత్యానికి దండారి రోజుల్లో వందలమంది కుర్రాళ్లు దొరుకుతున్నారు. కిక్రి పట్టేవారు మాత్రం తగ్గిపోతున్నారు. ఒక ముసలి ప్రధాన్ పోతే ఎన్ని ఇళ్ల వంశాలు పోతాయో లెక్క వేసేవారు లేరు.

మనలో గ్రామాలు తిరిగినవారు, గోండీ, మరాఠీ వచ్చినవారు ఇంకా పదిమందైనా ఉన్నారు. అందరి చేతుల్లోనూ రికార్డు చేసే ఫోన్లున్నాయి. నా ప్రతిపాదన ఇది: ఇద్దరిద్దరు చొప్పున వెళ్లి తెలిసిన ప్రధాన్‌ను పాడమని అడగండి. పంచనామా పద్ధతిలోనే తేదీ, ఊరు, చెప్పినవారి పేరు, పక్కన ఉన్నవారి పేర్లు రాసుకోండి. వారికి ఇవ్వవలసిన సంభావన ఇవ్వండి. పేర్లు మనం ముందు అందించవద్దు, హేలీ విషయంలో జరిగిన గొడవ మనకు రాకూడదు. ఆయన పాడింది మన పహాణీకి కలవకపోయినా దిద్దవద్దు, రెండూ పక్కపక్కన రాసిపెట్టండి.

'ఏడు తరాలు' నా దగ్గర రెండు ప్రతులున్నాయి. ఒకటి అట్ట ఊడిపోయింది, అది ఎవరికీ ఇవ్వను. రెండోది కావలసినవారు కార్యదర్శి గారి దగ్గర సంతకం పెట్టి తీసుకోవచ్చు. పదిహేను రోజుల గడువు. పేజీ మూలలు మడవకండి.