రాజముద్ర మొదలు రహస్యాంకము వరకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పెదవేగి గడ్డ మీద ముద్రను గూర్చి మాటాడుట ఉచితమే. ఒకప్పుడు ఇది వేంగీపురము. శాలంకాయనులకును, వారి తరువాత తూర్పు చాళుక్యులకును రాజధానియై యుండినది. ఆ రాజులు చేసిన దానములు రాగిరేకుల మీద చెక్కబడి నేటికిని నిలిచియున్నవి. చాళుక్యుల రాగిశాసనముల నిర్మాణమును పరిశీలించినచో, వ్రాతకు వారు పెట్టిన కావలి యెంత గట్టిదో తెలియును. రేకుల అంచులను కొంచెము పైకి లేపెడివారు. అందువలన రేకు మీద రేకు ఒరసికొని అక్షరము చెడదు. రేకులకు రంధ్రములు చేసి, వానిలో ఒక కడియమును దూర్చి, ఆ కడియపు కొనలు రెండును ముద్ర యడుగున అతికెడివారు. ముద్ర మీద వరాహమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను అక్షరములును ఉండెడివి. నడుమ నొక రేకును తీసి వేరొకటి చేర్పవలెనన్న కడియమును కోయక తప్పదు. కోసినచో ఆ కోత కనబడక తప్పదు.

ఇంత కావలి యున్నను దొంగశాసనములు పుట్టకపోలేదు. మనుస్మృతి కూటశాసనము పుట్టించిన వానికి వధదండము విధించినది. వేంగి చాళుక్యులకు మూలపురుషుడైన కుబ్జవిష్ణువర్ధనుని యన్న రెండవ పులకేశి. ఆ పులకేశితో పోరిన హర్షవర్ధనుడు క్రీ.శ. 631 ప్రాంతమున వేయించిన మధుబన్ శాసనములో ఒక ముచ్చట యున్నది. వామరథ్యుడను వాడు కూటశాసనముతో సోమకుండికయను గ్రామము ననుభవించుచుండెను. హర్షుడు ఆ రేకును పగులగొట్టించి, గ్రామమును వేరొకరికి దానము చేసెను. మోసము క్రొత్త విద్య కాదు.

నేడు ముద్ర రాజుల చేతినుండి జనుల చేతిలోనికి వచ్చినది. ఆయిల్‌పామ్ గెలల సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుచున్నది. కొల్లేటి చెరువుల కౌలు సెల్‌ఫోను మీదనే చెల్లుచున్నది. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతితో కిరాణాకొట్టు వానికి పది రూపాయలు కూడ క్యూఆర్ బొమ్మ చూచి పంపుచున్నారు. ఆ సొమ్మునకు కావలియై యున్నవి నాలుగో ఆరో అంకెల పిన్ను, ఒక్కసారికి మాత్రమే చెల్లునట్టి ఓటీపీ, బొటనవ్రేలి గీతలు. ఇవియే ఇప్పటి ముద్రలు.

ఇందు గ్రహింపవలసిన సంగతి యొకటి యున్నది. బ్యాంకు వారి గూఢలిపిని పగులగొట్టుట సామాన్య దొంగ వలన కాదు. అందుకై అతడు పాటుపడడు కూడ. ముద్ర గలవాని చేతనే ముద్ర వేయించుకొనును.

వేయించుకొను విధములు పలు రకములు. బ్యాంకునుండి మాటాడుచున్నామనియు, కేవైసీ ముగిసినది గనుక ఖాతా నిలిచిపోవుననియు చెప్పి ఓటీపీ అడుగుదురు. ఏ బ్యాంకు ఉద్యోగికిని ఖాతాదారుని ఓటీపీతో పని యుండదు. మరికొందరు సొమ్ము పంపుచున్నామని చెప్పి, పుచ్చుకొనుటకు పిన్ను నొక్కుమందురు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు. పిన్ను నొక్కితివా, సొమ్ము పోవుటకే. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టు వంటి రద్దీచోట్ల దుకాణదారుడు తన క్యూఆర్ బొమ్మ మీద వేరొకరు తమ కాగితము అంటించిరేమో దినమున కొకసారి చూచుకొనుట మేలు. ఇచ్చువాడు కూడ తెర మీద కనబడు పేరు చదివి మరి పిన్ను నొక్కవలెను.

వీటన్నిటికంటె దుర్మార్గమైనది ఏపీకే అను దస్త్రము. పీఎం కిసాన్ పేరిటనో, వాహనపు జరిమానా పేరిటనో, పెండ్లిపిలుపు పేరిటనో వాట్సాప్‌లో వచ్చును. ఎరిగినవారి నెంబరునుండియే రావచ్చును. ఏలయన, వారి ఫోను అప్పటికే దొంగ వశమై యుండును. దానిని తెరచి నిలుపుకొన్నచో, అది ఎస్సెమ్మెస్సులు చదువుటకు అనుమతి యడుగును. అనుమతి యిచ్చినంతనే, బ్యాంకునుండి వచ్చు ప్రతి ఓటీపీయు చడిచప్పుడు లేక దొంగకు చేరును. కనుక ఓటీపీ ఎవరికిని చెప్పనివాడు కూడ నష్టపడుచున్నాడు. యాపులను ప్లేస్టోరు నుండి తప్ప వాట్సాప్‌లో వచ్చిన దస్త్రములనుండి పెట్టుకొనరాదు. పొరపాటున పెట్టుకొన్నచో, తక్షణమే డేటాను, వైఫైని కట్టివేసి, వేరొకరి ఫోనునుండి బ్యాంకునకు చెప్పి ఖాతాను నిలిపించి, ఆ పిమ్మట ఫోనును తుడిపించి మొదటి స్థితికి తెప్పించవలెను.

పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి, ‘డిజిటల్ అరెస్టు’ చేసితిమని గంటల తరబడి నిర్బంధించు వంచకులు మరియొక తెగ. అట్టి అరెస్టు ఈ దేశపు చట్టములో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో సయితము ఈ మాట చెప్పవలసి వచ్చెను. ఫోను కట్టివేయుటయే దానికి తగిన జవాబు. చదువుకొన్నవారు, పెద్ద యుద్యోగములు చేసి విశ్రమించినవారు దీనికి లోబడుచుండుట విచారకరము. పల్లెటూరి ముసలమ్మ యొకతె ‘రా నాయనా, ఇంటికి వచ్చి పట్టుకొనిపో’ అనినచో వాడు చేయగలిగినది లేదు.

వ్రేలిముద్ర సంగతి వేరు. పిన్ను పోయిన మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో బయటపడిన నేరము గమనింపదగినది. భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల ప్రతులు అంతర్జాలములో దొరకుచుండగా, వానిమీది వ్రేలిముద్రలను రబ్బరుస్టాంపులు చేయు యంత్రముతో అచ్చులుగా పోసి, పరుల పేరిట సిమ్‌కార్డులు వేల సంఖ్యలో చెల్లించిరి. ఆధార్‌తోను, వ్రేలిముద్రతోను సొమ్ము తీయు పద్ధతికిని ఈ ప్రమాదము కలదు. దీనికి ఆధార్ సంస్థవారే ఉపాయము కల్పించిరి: వ్రేలిముద్రలకు తాళము వేసికొనవచ్చును. అయితే తాళము పడియుండగా రేషను దుకాణములో కూడ వ్రేలు పనిచేయదు. ఆ దినమున తెరచి మరల వేసికొను ఓపిక గలవారికే, లేదా ఇంట అట్టి పిల్లలున్నవారికే ఇది తగును. ఆధార్ నకలు ఇయ్యవలసిన చోట మొదటి ఎనిమిది అంకెలు కప్పిన నకలు చాలునేమో అడిగి చూడవలెను.

రహస్యపదముల విషయమున గ్రంథాలయమే పాఠము చెప్పగలదు. పుస్తకము వచ్చినప్పుడు ముఖపత్రము మీద ముద్ర వేయుటతో తృప్తిపడక, లోపల నిర్ణయించిన ఒక రహస్యపుటలో మరియొక ముద్ర వేయుట గ్రంథాలయములలో వాడుక. దొంగ ముఖపత్రమును చించును గాని, రెండవ ముద్ర ఎచ్చట నున్నదో ఎరుగడు. ఈమెయిలుకును, వాట్సాప్‌కును గల రెండంచెల ధ్రువీకరణము ఇట్టిదే. సెట్టింగులలో దానిని ఒక్కసారి తెరచి యుంచినచో, మొదటి రహస్యపదము తెలిసినవాడు కూడ లోనికి రాలేడు. రహస్యపదము ఊరిపేరో, మనుమని పుట్టినతేదీయో కాక, సంబంధము లేని నాలుగు తెలుగు మాటల కూర్పుగా పొడవుగా నుండుట మంచిది. ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్కటి యుండవలెను. జ్ఞాపకముండదని అన్నింటికి ఒకటే పెట్టుకొనుటకంటె, పుస్తకములో వ్రాసి ఇనుపపెట్టెలో దాచుకొనుట వేయిరెట్లు మేలు. దాచవద్దని చెప్పు పండితులు దూరదేశపు దొంగను మరచి, ఇంటిదొంగను మాత్రమే తలచుచున్నారు. నెట్ సెంటరులో పని ముగిసినపిమ్మట ఖాతానుండి వెలికి వచ్చి, అచ్చుకై ఎక్కించిన పత్రములను తుడిపించి మరి లేవవలెను.

ఇక అన్నింటికంటె ముఖ్యమైనది సిగ్గు. సొమ్ము పోయినవాడు ఇంటిలో తిట్టుదురని, ఊరిలో నవ్వుదురని రెండుమూడు దినములు నోరు విప్పడు. దొంగకు కావలసినది ఆ రెండుమూడు దినములే. సొమ్ము ఖాతానుండి ఖాతాకు పరుగెత్తుచుండును. అది బ్యాంకుల నడుమ నుండగా ఆపుట సాధ్యము, ఏటీయములో నోట్లైన పిమ్మట దుస్సాధ్యము. కావున ఇంట నెవరికైన ఇట్లు జరిగినచో, నిందించుట తరువాత చూచుకొని, ముందు 1930 అను నెంబరునకు ఫోను చేయింపవలెను. ఇది దేశమంతటికి ఒక్కటే. పోయిన మొత్తము, వేళ, ఖాతా నెంబరు, లావాదేవీ సంఖ్య దగ్గర నుంచుకొని చెప్పవలెను. వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. బ్యాంకునకు కూడ అదే దినమున తెలుపవలెను. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక వేరొకచోటి లోపమువలన సొమ్ము పోయి, మూడు పనిదినములలో తెలిపినచో నష్టము ఖాతాదారునిపై పడరాదని రిజర్వుబ్యాంకు 2017 జూలై 6న ఆదేశించినది. ఓటీపీ తానే చెప్పియుండినను, బ్యాంకునకు తెలిపిన క్షణము తరువాత జరుగు నష్టము బ్యాంకుదే యనియు అందే కలదు. అందుచేత ఫిర్యాదు నోటిమాటతో విడువక, వ్రాసి యిచ్చి, తేదీయు వేళయు వేయించి, బ్యాంకు ముద్ర గల నకలును ఇంటికి తెచ్చుకొనవలెను.