వంతెన దాకా వెళ్ళి వచ్చాం



వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. వక్తను కాను, వకీలును అసలే కాను. ఈ రోజు చెప్పబోయేది నా తప్పు గురించి.

2019లో న్యూజెర్సీలో ఒక మిత్రుడి గృహప్రవేశం పార్టీ నుంచి తాగి కారు నడుపుకుంటూ వస్తూ పోలీసులకు దొరికాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది నా అదృష్టం, గొప్పతనం కాదు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాను, జరిమానా కట్టాను, కొన్నాళ్ళు లైసెన్సు పోయింది. న్యూజెర్సీలో ఇది ట్రాఫిక్ నేరమే గాని క్రిమినల్ నేరం కాదు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

2023లో అమ్మా నాన్నగారూ వచ్చారు. నయాగరాను కెనడా వైపు నుంచి చూపిద్దామని ఇద్దరికీ ఆ దేశపు వీసాలు తీయించాను. గ్రీన్‌కార్డు ఉంది కదా అని నా సంగతి ఆలోచించలేదు. వంతెన దాటాక అధికారి “ఎప్పుడైనా అరెస్టయ్యారా?” అని అడిగాడు. నిజం చెప్పాను. రెండు గంటల తరువాత కారు వెనక్కి తిప్పించారు.

“ఏమిట్రా, మా కాగితాల్లో ఏమైనా లోపమా?” అన్నారు నాన్నగారు. “ఔను” అన్నాను. తమ వల్లే ప్రయాణం చెడిందని ఆయన దారి పొడుగునా బాధపడ్డారు.

మన రాష్ట్రం ఆ నేరానికి ఏ పేరు పెట్టిందో కెనడా చూడదు, తన చట్టంతో తూస్తుంది. అక్కడ 2018 డిసెంబరు 18 నుంచి తాగి నడిపితే గరిష్ఠ శిక్ష 5 నుంచి 10 ఏళ్ళకు పెరిగి, అది తీవ్ర నేరాల కోవలో చేరింది. శిక్ష అంతా పూర్తయిన 5 ఏళ్ళకు క్రిమినల్ రిహాబిలిటేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈలోగా తప్పనిసరైతే తాత్కాలిక పర్మిట్ అడగాలి. అబద్ధం చెప్పి దొరికితే 5 ఏళ్ళ నిషేధం.

హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మరో మాట. 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం, తాగి నడిపి అరెస్టయితే తీర్పు రాకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. ఇక్కడ ఉద్యోగం మామూలుగానే సాగుతుంటుంది. ఇంట్లో పెళ్ళికి ఇండియా వెళ్ళాక, తిరిగి రావడానికి కొత్త వీసా అడిగినప్పుడు కష్టం తెలుస్తుంది. రాష్ట్ర కోర్టు రికార్డు చెరిపేసినా, 1996 చట్టం వల్ల ఇమిగ్రేషన్ లెక్కలో శిక్ష సాధారణంగా అలాగే ఉంటుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందా అన్నది చెప్పడం డిఫెన్సు లాయరు బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఒప్పుకోక ముందే అడగండి.

ఈ ప్రసంగం రాసుకున్నాక ముందుగా నాన్నగారికి ఫోను చేసి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, “నయాగరా సంగతి సరేరా. ఆ రాత్రి రోడ్డు మీద ఎవరైనా ఉండి ఉంటే?” అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఈ రాత్రి బాంక్వెట్ అయ్యాక కారు తాళాలు తీసే ముందు ఆయన అడిగిన ప్రశ్నే మీరూ ఒకసారి వేసుకోండి.

సెలవు.