విద్యాదానమునకు ఒక గంట



మట్టెవాడలో నేను బ్యాంకు పరీక్షలకు శిక్షణ యిచ్చుచున్న పేద పట్టభద్రులలో ఎనుమాముల మార్కెట్ హమాలీ కుమార్తె యొకతె కలదు. జాతీయ బ్యాంకుల ప్రాథమిక పరీక్షలో 60 నిమిషములకు 100 ప్రశ్నలు. ప్రతి తప్పునకు పావు మార్కు కోత. నిరుడు ఆమె తెలియని 12 ప్రశ్నలకు ఊహించి జవాబులు గుర్తించినది. అన్నియు తప్పులై 3 మార్కులు పోయినవి. రెండు మార్కులలో అవకాశము చేజారినది.

దోషము ఆమెది కాదు. విడువవలసిన ప్రశ్నను విడుచుట నేర్పని నాది. నలుబది మందికి నేనొక్కడను.

గ్రామీణ బ్యాంకుల పరీక్షను 2019 నుండి తెలుగులోనూ వ్రాయవచ్చును. కావున బ్యాంకు కొలువు ముగించిన పెద్దలారా! స్వామి దర్శనానంతరము ఒక గంట మా తరగతికి దయచేయుడు. ఆమె మరల పరీక్షకు కూర్చొనుచున్నది.