ట్యూబా స్లైడు బిగుసుకుంటే
మా ఆష్‌బర్న్‌లో మా అబ్బాయి స్కూలు బ్యాండులో ట్యూబా వాయిస్తాడు. వీణకు బిరడా ఎలాగో ట్యూబాకు ట్యూనింగ్ స్లైడు అలాగ. బయటికి లాగితే గొట్టం పొడవై శ్రుతి తగ్గుతుంది. అది బిగుసుకుంటే ఎంత సాధన చేసినా అపశ్రుతే. తనకు చెవి లేదనుకుని పిల్లవాడు వాయిద్యమే మానేసే ప్రమాదం ఉంది.

స్కూలు వాయిద్యమైతే ముందు బ్యాండు మాస్టారికి చెప్పండి. సొంతదైతే పట్టకారు వెయ్యకండి, పల్చటి ఇత్తడి నొక్కుకుపోతుంది. సందుల్లోకి దిగే నూనె వేసి రాత్రంతా ఉంచండి. వాల్వు స్లైడయితే ఆ వాల్వు నొక్కిపట్టి తిన్నగా లాగాలి.

వచ్చాక తుడిచి, సాఫ్ట్‌వేర్లో మేం చేసినట్టే ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించండి. స్లైడును పక్కకు తిప్పి ఒక్కో కాలే గొట్టంలో పెట్టాలి. విడిగా జారి, రెండూ కలిపితే పట్టేస్తే కాళ్ళు సమాంతరంగా లేవన్నమాట. చేత్తో వంచకండి. మరమ్మతుదారు అతుకు వేడిచేసి, కాళ్ళను సరిచేసి మళ్ళీ అతుకుతాడు. ఆపైన గ్రీజు రాసి అప్పుడప్పుడు కదుపుతుంటే చాలు.