చదువుకునే పిల్లలు - కాలం విలువ



పరీక్షలు దగ్గరపడ్డాయంటే మన ఇళ్ళల్లో వినబడే మాట ఒక్కటే: "టైము వేస్టు చెయ్యకురా!" విని విని పిల్లల చెవులకి అదీ వీధిలో కూరలవాడి కేకలాగే అయిపోతుంది.

రెండున్నరవేల ఏళ్ళ క్రితం చైనాలో కన్‌ఫ్యూషియస్ అనే గురువుగారు ఉండేవారు. శిష్యులు పోగుచేసిన ఆయన మాటల పుస్తకం 'అనలెక్ట్స్'. అందులో ఒక శిష్యుడు పట్టపగలు నిద్రపోతూ దొరికిపోతాడు. పుచ్చిన కర్రమీద చెక్కడం పని సాగదని ఆయన గట్టిగానే కోప్పడ్డారు. ఈ కథ మన కంచరపాలెంలో కాస్త చూసుకుని చెప్పాలి సుమండీ! పోర్టులోనో, రైల్వేలోనో, స్టీల్‌ప్లాంటులోనో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్న తండ్రి సోమరి కాడు. ఆయన నిద్రపోయే ఆ నాలుగు గంటలూ టీవీ కట్టేసి, చప్పుడు చెయ్యకుండా చదువుకోవడం కూడా కాలం విలువ తెలియడమే.

అయితే నాకు నచ్చింది ఆ కోపం కాదు. మంచిమాట వినగానే ఆచరణలో పెట్టెయ్యాలా అని ఇద్దరు శిష్యులు వేర్వేరుగా అడిగారట. ఒకరిని ఆగమన్నారు, ఇంట్లో పెద్దల్ని అడగమన్నారు. రెండో అతన్ని వెంటనే చెయ్యమన్నారు. ఇదేమిటని మూడో శిష్యుడు తెల్లబోతే, మొదటివాడిది దూకుడు గనుక వెనక్కి లాగాననీ, రెండోవాడు జంకుతాడు గనుక ముందుకు తోశాననీ చెప్పారు. మరి మనమో? ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకటే టైంటేబులు రాసి గోడకి అంటిస్తాం. లెక్క కనబడగానే పెన్ను పరిగెత్తించి తప్పులుచేసే అబ్బాయిని ఇంకా తొందరపెట్టడం దేనికి? ముందు ప్రశ్న రెండుసార్లు చదవమనండి. పుస్తకం తెరవడానికే ముహూర్తం చూసే అమ్మాయి పక్కన మీరు చిక్కుళ్ళు వలుచుకుంటూ కూర్చోండి. అవి అయ్యేలోగా ఒక్క పేజీ పూర్తి చెయ్యమనండి.

ఇంకో సంగతి. ఒకసారి ఆయన నలుగురు శిష్యుల్ని మీ కోరికలేమిటని అడిగారు. ముగ్గురు రాజ్యాలు, కొలువులు అన్నారు. నాలుగో అతను వసంతం చివర్లో కుర్రాళ్ళతో కలిసి ఏట్లో స్నానంచేసి, గాలికి సేదదీరి, పాడుకుంటూ ఇంటికి రావాలనుందన్నాడు. గురువుగారు నిట్టూర్చి, తానూ అతని పక్షమే అన్నారు! పగటినిద్రని అంతగా తిట్టిన మనిషే ఈయన.

పొద్దున్నే కాలేజీ బస్సెక్కి చీకటిపడ్డాక దిగే ఇంటర్ పిల్లల్ని ఊర్వశి జంక్షన్ దగ్గర చూస్తుంటాను. పుస్తకాల సంచీ బరువుకి భుజాలు వంగిపోయి ఉంటాయి. వాళ్ళు ఆదివారం సాయంత్రం కాసేపు రామకృష్ణా బీచికి వెళ్తామంటే వెళ్ళనివ్వండి. ఎన్నింటికి తిరిగొస్తారో వాళ్ళచేతే చెప్పించండి. ఆరున్నర అన్నారనుకోండి, ఆరూ పదికే ఫోన్ చేసి పిలవకండి.