బెట్టకు చిక్కిన చీనిచెట్లకు మరల ప్రాణము పోయు విధము



వానలు తప్పిన పిమ్మట ఎండిపోవుచున్న చీనిచెట్లను బ్రదికించుకొను విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకు మీ యెదుట నిలిచితిని. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుడను గాను. రెవెన్యూ కచేరీలో ఆంగ్ల కాగితములను తెనుగు చేయుట నా పని. తోటల పెంపకమును గూర్చిన కాగితములు పెక్కు నా చేతిమీదుగా పోవుచుండును. అడంగలులో 'చీనితోట' యని వ్రాసిన యొక్క మాటలో ప్రాణమున్న చెట్లెన్నియో, మోడులెన్నియో తెలియరాదు. ఆ విచారమే నన్నీ సాహసమునకు పురికొల్పినది.

అనంతపురము సీమ సంగతి మీకు నేను చెప్పవలసినది లేదు. పడమటి కనుమలు నైఋతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వాన తగినంత రాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు కురియును. అదియు అదనుకు కురియదు. 1876వ సంవత్సరమున మొదలైన ధాత కరవునందు చేలు పోయినవి. బోరుబావులను నమ్మి చీని పెట్టిన మన కాలపు రైతునకు చెట్లే పోవుచున్నవి. 2019 వేసవిలో ఈ జిల్లాలో పలువురు ట్యాంకర్లతో నీరు కొని తోటలకు పోసిరి. చేను పోయిన మరుసటేడు విత్తుకొనవచ్చును. చీనిచెట్టు పోయెనా, మరియొకటి నాటి కాపు చూచుటకు నాలుగైదేండ్లు పట్టును.

కావున కొద్ది నీరు చేతికందినప్పుడు మొదట చేయవలసినది నీరు పెట్టుట కాదు, చెట్లను పరీక్షించుట. కత్తిమొనతో కొమ్మమీది బెరడును కొంచెము గీచి చూడుడు. లోపల పచ్చగా తడిగా నున్నచో ప్రాణమున్నది. గోధుమవన్నెగా పొడిగా నున్నచో ఆ కొమ్మ చచ్చినది. చిటారునుండి క్రిందికి గీచుచు వచ్చి, పచ్చదనమెచ్చట మొదలగునో గుర్తించుడు. మొదలు దగ్గర గూడ పచ్చి కానరాని చెట్టుపై ఆశ విడువవలయును. ఉన్న నీటిని చచ్చినదానికిని చావనిదానికిని సమముగా పంచినచో రెండును పోవును. తండ్రి నాటిన చెట్టును విడుచుట కష్టమే, కాని ప్రక్కచెట్టు దాహమును గూడ తలపవలయును గదా.

ఇక నీటి సంగతి. చీనిచెట్టునకు ఆహారము తెచ్చు సన్నవేళ్లలో అధికభాగము పై రెండడుగుల మంటిలోనే యుండును. బెట్టలో ముందుగా చచ్చునవి యవియే. అట్టి చెట్టునకు ఒక్కమారు పాదు నిండ నీరు కట్టినచో త్రాగుటకు వేళ్లు లేవు. నిలిచిన నీటిచే గాలియాడక మిగిలిన వేళ్లును క్రుళ్లును, మొదలున బంక కారు తెగులు పట్టును. కావున మ్రానికి నీరు తగులకుండ చుట్టును మట్టి యెగద్రోసి, కొమ్మల నీడ యంచున పాదు చేసి, కొద్దికొద్దిగా దినము విడిచి దినము తడుపుడు. డ్రిప్పు గొట్టములున్నవారు వానిని మొదలు దగ్గరనుండి ఆ యంచునకు జరుపుకొనవలయును.

ఇచ్చట నొక వింత కలదు. ఎండుచుండగా అంటిపెట్టుకొని యున్న ఆకులు, నీరు పెట్టిన కొలది దినములలో జలజల రాలును. నీరే చెట్టును చంపెనని బెదరి కొందరు తడుపుట మానుదురు. స్పెయిను దేశపు శాస్త్రజ్ఞులు నారింజ జాతి మొక్కలపై పరీక్షించి దీని కారణమును 1992లో ప్రకటించిరి. బెట్టలో వేళ్లయందు ఒక పదార్థము పేరుకొనును. నీరు దొరకగానే అది పైకెక్కి ఆకులలో ఎథిలీను అను వాయువుగా మారి తొడిమలను వదలించును. కాయలను మగ్గబెట్టు వాయువిదియే. ఆకు రాలి కొమ్మ పచ్చగా నున్నచో భయము లేదు, తడుపుట మానకుడు. ఎండిన ఆకు తడి తగిలినను రాలక కొమ్మకే వ్రేలాడుచున్నచో ఆ కొమ్మను అనుమానింపవలయును.

రెండవ వింత పూత. కాపు కొరకు మనమే చెట్లను బెట్ట పెట్టుట యలవాటు గదా. ఆ రీతినే కరవుబెట్ట తీరిన చెట్టు విరగబూయును. అది బలముచే పూచిన పూత కాదు. ఆకులేని చెట్టు ఆ కాయలను మోసినచో కొమ్మలలో దాచుకొన్న కొద్దిపాటి ఆహారమును గూడ పోగొట్టుకొని మరుసటేడు మోడగును. ఆ పూతను, పిందెను చేతితో రాల్చివేయుడు. అప్పు గలవానికి ఈ మాట కఠినమని యెరుగుదును. సగమునకు మించి ఆకు నిలిచిన చెట్లకు కొన్ని కాయలుంచుకొన్న నుంచుకొనవచ్చును, తక్కినవానికి వలదు.

ఎండుకొమ్మలను వెంటనే నరుకుటకు తొందరపడరాదు. క్రొత్త చిగురు తొడిగిన పిమ్మట చావెంతవరకు దిగినదో స్పష్టపడును. అప్పుడు పచ్చి తగులువరకు కోసి బోర్డో లేపనము పూయుడు. మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో వేర్వేరుగా నీటిలో కరగించి, మొత్తము 10 లీటర్ల నీటితో కలుపవలయును. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపిన దానిలో ఇనుప కత్తిని ముంచి తీయగా ఎర్రని రాగిపూత పట్టినచో ఇంకను సున్నము కావలెనని తెలియును. ఆకులు పోయి ఎండకు బయటపడిన మ్రానికి, పెద్దకొమ్మలకు సున్నము కొట్టుడు. లేనిచో బెరడు పగులును.

పాదులో కప్పుటకు మన సీమలో బుడ్డల పొట్టు చాలును. కట్టె మాత్రము పశువులకుంచుడు. చెదలున్న నేలలో పొట్టు మ్రానికి తగులరాదు.

ఎరువునకు తొందర వలదు. వేళ్లు లేని చెట్టునకు మంటిలో యూరియా వేయుట ఆకలి లేనివానికి విందు పెట్టుటయే గాక హానియు కలిగించును. చిగురాకులు విప్పారిన పిదప లీటరు నీటికి 10 గ్రాముల యూరియా కరగించి చల్లదనపు వేళ పిచికారి చేయుడు. ఈనెలు పచ్చగా నుండి నడుమ పాలిపోయినచో లీటరునకు 5 గ్రాముల జింకు సల్ఫేటును వేరుగా చల్లవలయును. పశువుల యెరువు వానలు కుదిరిన పిమ్మట వేయుడు.

చచ్చిన చెట్ల తావున మరల నాటువారు అంటు దేనిపై కట్టినదో అడిగి కొనవలయును. జంబీరి వేరుపై కట్టినదానికంటె రంగపూరు నిమ్మ వేరుపై కట్టినది బెట్టకు మేలుగా నోర్చును. అంటు కట్టిన ముడి నేలకు జానెడు పైన నుండునట్లు నాటుడు, మన్ను ఎన్నడును దానిని కప్పరాదు.